మనం గెలిపించిన నాయకుణ్ణి లెక్క అడగడం ఎలా

పదవిలో ఉన్న మనిషి చెడిపోవడం సాధారణంగా ఒక పెద్ద లంచంతో మొదలు కాదు. కలవడానికి వచ్చినవారు కుర్చీ అంచున కూర్చోవడం, తన మాట ముగియకముందే చుట్టూ తలలు ఊగడం, ఇష్టం లేని వార్తను అనుచరులు తన దాకా రానివ్వకపోవడం కొన్నేళ్లపాటు రోజూ జరిగితే, కుర్చీకి దక్కుతున్న గౌరవం తనకే దక్కుతోందని ఎంత మంచివాడైనా నమ్మడం మొదలుపెడతాడు. ఆ నమ్మకం కుదిరాక నియమాలు ఇతరుల కోసం రాసినవిగా కనిపిస్తాయి. టెండరు లేకుండా బావమరిదికి పని అప్పగించడం తప్పుగా కాక, పని త్వరగా పూర్తయ్యే దారిగా తోస్తుంది. లంచం ఆ తరువాతి సంగతి.

1937 నవంబరులో మోడరన్ రివ్యూ పత్రికలో ‘చాణక్య’ అనే మారుపేరుతో ఒక వ్యాసం వెలువడింది. జవాహర్‌లాల్ నెహ్రూకు జనం పడుతున్న నీరాజనాలు ఆయనను నియంతగా మార్చే ప్రమాదం ఉందని, ఆయనను మరోసారి కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఎన్నుకోకపోవడమే మేలని అది హెచ్చరించింది. ఆ వ్యాసం రాసింది నెహ్రూయే. తన మీద తానే నిఘా పెట్టుకోగలిగిన నాయకులు అరుదు కనుక, ఆ పని ఓటర్లే చేయవలసి ఉంటుంది. సర్పంచి మొదలుకొని ఎమ్మెల్యే, ఎంపీ వరకు ఎవరి విషయంలోనైనా దీన్ని ఒక క్రమంలో ఎలా చేయవచ్చో కింద వివరిస్తున్నాను. ఇందుకు పార్టీ అండ గానీ, న్యాయవాది గానీ మొదట్లో అవసరం లేదు. ఒక దస్త్రం, ఇద్దరు ముగ్గురు తోడు, చాలినంత ఓపిక ఉంటే మొదలుపెట్టవచ్చు.

మొదటి పని: మీరు ఓటు వేసిన మనిషితోనే ప్రారంభించండి

ఇది అన్నిటికన్నా కష్టమైన మెట్టు, చాలామంది దాటకుండా వదిలేసే మెట్టు కూడా. ఎదుటి పార్టీ నాయకుణ్ణి నిలదీయడానికి ఎప్పుడూ జనం ఉంటారు. ఆ ప్రశ్నలను ఆయన రాజకీయం అని కొట్టిపారేస్తాడు, ఆయన మనుషులు నమ్ముతారు. అదే ప్రశ్న తన బూత్‌లో తనకు ఓటు వేసినవారి నుంచి, తన జెండా మోసినవారి నుంచి వస్తే దాన్ని తోసిపుచ్చడం అంత తేలిక కాదు. డాక్టర్ అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో, మతంలో భక్తి ముక్తికి దారి కావచ్చు గానీ రాజకీయాల్లో భక్తి పతనానికీ, చివరకు నియంతృత్వానికీ దారి తీస్తుందని స్పష్టంగా చెప్పారు.

ఆయన భయపడింది ఊరికే కాదని పాతికేళ్లు గడిచాక తేలింది. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరా గాంధీ ఎన్నిక చెల్లదని తీర్పు ఇచ్చింది. జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి వచ్చింది. ఆగస్టులో 39వ రాజ్యాంగ సవరణ ప్రధానమంత్రి ఎన్నికను న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించింది. 1976లో 42వ సవరణ లోక్‌సభ పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి ఆరేళ్లకు పెంచింది. తమ గడువును తామే పొడిగించుకుంటూ చేతులెత్తిన సభ్యులందరూ డబ్బు తీసుకుని ఎత్తలేదు. భయం కొందరిది, విధేయత మరికొందరిది, అడిగేవారు లేరన్న ధీమా ఇంకొందరిది. ఆ గడువును తిరిగి అయిదేళ్లకు తేవడానికి 1978లో 44వ సవరణ కావలసి వచ్చింది.

కాబట్టి మీ ప్రశ్నను కాగితం మీద రాసి, అందులో మీ నాయకుడి పేరు తీసి, మీకు నచ్చని నాయకుడి పేరు పెట్టి చదవండి. ఇప్పుడు మరింత గట్టిగా అడగాలనిపిస్తే, మొదటి ప్రశ్నను మీరు మెత్తగా రాశారని అర్థం. దాన్ని తిరిగి రాయండి.

రెండవ పని: పదవి చేపట్టిన తొలి రోజుల్లోనే ఆధార పత్రాలు సేకరించండి

‘అధికారాంతమునందు చూడవలె నా అయ్య సౌభాగ్యముల్’ అన్న మాట మనకు కొత్త కాదు. అయితే అంతం దాకా ఆగితే పోల్చి చూడడానికి ఆది ఎలా ఉండిందో ఎవరికీ గుర్తుండదు. అందువల్ల గెలిచిన తొలి నెలల్లోనే ఆయన నామినేషన్‌తో పాటు దాఖలు చేసిన ప్రమాణపత్రాన్ని (అఫిడవిట్‌ను) సంపాదించండి. లోక్‌సభకూ శాసనసభకూ పోటీ చేసేవారు ఫారం 26లో ఇచ్చే ఈ పత్రం ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరికైనా దొరుకుతుంది. అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తులు, చదువు ఓటరుకు తెలియవలసిందేనని 2002 మే 2న సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, దాన్ని నీరుగార్చడానికి పార్లమెంటు చట్టంలో చేర్చిన నిబంధనను 2003 మార్చి 13న అదే న్యాయస్థానం కొట్టివేసింది. ఆ రెండు తీర్పుల ఫలితమే ఈ కాగితం.

దీన్ని చదవడంలో పత్రికలు తరచుగా చేసే పొరపాటు మీరు చేయకండి. మొత్తం ఆస్తి ఇన్ని కోట్ల నుంచి ఇన్ని కోట్లకు పెరిగిందన్న శీర్షిక చూడగానే అవినీతి రుజువైపోయిందని భావిస్తే తప్పుదారి పడతారు. పదేళ్ల క్రితం కొన్న పొలం ధర పెరిగినా మొత్తం పెరుగుతుంది. చూడవలసింది రూపాయలను కాదు, సర్వే నంబర్లను. స్థిరాస్తుల పట్టికలో సర్వే నంబరు, విస్తీర్ణం, కొన్న తేదీ, కొన్న ధర ఉంటాయి. పాత ప్రమాణపత్రాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, రెండవదానిలో కొత్తగా చేరిన సర్వే నంబర్లను మాత్రమే వేరే కాగితం మీద రాయండి. వాటిని కొన్న సంవత్సరాల ఆదాయాన్ని, ఆదాయపు పన్ను రిటర్నుల ప్రకారం గత అయిదేళ్లకు ఆయన చూపిన అంకెలతో సరిపోల్చండి. అప్పుల పట్టికను కూడా వదలవద్దు: ఎవరి దగ్గర అప్పు తీసుకున్నాడో ఆ పేరు తరువాతి రోజుల్లో ఏదైనా కాంట్రాక్టు కాగితం మీద ఎదురుపడవచ్చు. ఇక్కడ ఒక పరిమితి ఉంది. ఈ పత్రం అభ్యర్థి, జీవిత భాగస్వామి, ఆధారపడినవారి ఆస్తులను ప్రధానంగా చూపుతుంది. సొంత ఆదాయం ఉన్న కొడుకు, అల్లుడు, తమ్ముడు ఇందులో కనిపించరు. పెరిగే ఆస్తి ఎక్కువగా పెరిగేది అక్కడేనని ఊళ్లో అందరికీ తెలిసినా, అంతమాత్రాన అది రుజువు కాదు.

కేసుల విషయంలోనూ ఇదే నిదానం పాటించండి. కేసు నడుస్తూ ఉండడం వేరు, శిక్ష పడడం వేరు. కేసు నంబరునూ కోర్టు పేరునూ రాసుకుంటే, ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో అది ఏ దశలో ఉందో మీరే చూడవచ్చు. రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడిన శాసనసభ్యుడు అప్పీలు వేశానని చెప్పి పదవిలో కొనసాగే వెసులుబాటును సుప్రీంకోర్టు 2013 జూలై 10న రద్దు చేసింది కనుక, ఆ కేసు కదలికను గమనిస్తూ ఉండడం వృథా శ్రమ కాదు.

ప్రమాణపత్రంతో పాటు ఎన్నికల వాగ్దానాలనూ దస్త్రంలో చేర్చండి. ఎక్కడ, ఏ తేదీన, ఏ మాటల్లో ఇచ్చాడో ఉన్నది ఉన్నట్టు రాయండి. ‘తాగునీటి సమస్య తీరుస్తా’ అన్నదాన్ని మీరు ‘ఇంటింటికీ కుళాయి వేయిస్తానన్నాడు’ అని రాసుకుంటే, రేపు ఆయన తప్పించుకోవడానికి మీరే దారి ఇచ్చినట్టవుతుంది.

మూడవ పని: ఏ అధికారం ఎవరిదో తెలుసుకోండి

మురుగు కాల్వ పంచాయతీది కావచ్చు, రోడ్డు రోడ్లు భవనాల శాఖది కావచ్చు, పింఛను మంజూరు మండల కార్యాలయం గుండా నడవవచ్చు. అన్నిటికీ ఎమ్మెల్యేనే అడగడం మనకు అలవాటైపోయింది. తన చేతిలో లేని పనిని కూడా తానే చేయించినట్టు కనిపించే అవకాశం ఆయనకు దొరికేది ఈ అలవాటు వల్లనే. ఎంపీ విషయంలో పోల్చడం సులువు, ఎందుకంటే స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం కింద ఏడాదికి 5 కోట్ల రూపాయల పనులను ఆయన సిఫారసు చేస్తాడు. ఆ సిఫారసు ఎవరి ఊళ్లకు వెళ్లిందో అడిగితే తెలుస్తుంది.

నాలుగవ పని: ఒక్క పనిని ఎంచుకుని చివరి దాకా వెంబడించండి

అవినీతి మొత్తాన్ని ఎదుర్కోవాలనుకునేవారు మూడు నెలల్లో అలసిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. మీ వీధిలో వేసిన సిమెంటు రోడ్డు, బడికి కట్టిన ప్రహరీ, చెరువు పూడికతీత, ఇలా కళ్లకు కనిపించేదీ కొలవగలిగేదీ అయిన ఒక్క పనిని తీసుకోండి. దాని కాగితాల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమలులో ఉన్న ఈ చట్టం ప్రకారం, సమాచారం ఎందుకు కావాలో మీరు చెప్పనక్కరలేదు. దరఖాస్తు రుసుము 10 రూపాయలకు మించదు; దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. దరఖాస్తును ఎమ్మెల్యే క్యాంపు కార్యాలయానికి పంపడం వల్ల ప్రయోజనం ఉండదు. కాగితాలు ఏ కార్యాలయంలో ఉన్నాయో అక్కడి ప్రజా సమాచార అధికారికే పంపాలి. పొరపాటున వేరే కార్యాలయానికి పంపినా, 5 రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయవలసిన బాధ్యత వారిదే.

అడిగే తీరులోనే సగం ఫలితం ఉంటుంది. ‘రోడ్డు నాసిరకంగా ఎందుకు వేశారు?’ అని అడిగితే, చట్టం ఉన్న రికార్డులను ఇవ్వమంటుంది గానీ సంజాయిషీ ఇవ్వమనదు అని జవాబు వస్తుంది. ఆ జవాబు చట్టప్రకారం సరైనదే. అందుకు బదులుగా ఇలా రాయండి: ‘ఫలానా వీధిలో వేసిన సిమెంటు రోడ్డు పనికి సంబంధించిన అంచనా పత్రం, పరిపాలనా అనుమతి, టెండరు ప్రకటన, వర్క్ ఆర్డరు, ఎం-బుక్ (కొలతల పుస్తకం) పేజీలు, క్వాలిటీ కంట్రోల్ నివేదిక, ఇప్పటివరకు చెల్లించిన బిల్లులు, వీటి ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు.’ దీనితో పాటు దస్త్రాన్నీ పని జరిగిన చోటునూ స్వయంగా పరిశీలించడానికి, వాడిన సామగ్రి నమూనా తీసుకోవడానికి కూడా అనుమతి కోరవచ్చు. సమాచార హక్కు అన్న మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనంలోనే ఇవి రెండూ ఉన్నాయి. దస్త్రం పరిశీలనకు మొదటి గంట రుసుము ఉండదు.

జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, అసంపూర్తిగా వచ్చినా మరో 30 రోజుల్లో అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయండి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు చేయండి. గడువు దాటిన తరువాత ఇచ్చే నకళ్లకు డబ్బు వసూలు చేయకూడదు. తగిన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలకు మించకుండా జరిమానా వేయవచ్చు. కమిషన్ల ముందు అప్పీళ్లు పేరుకుపోయి ఉంటాయని మీరు విన్నది నిజమే. అయినా పద్ధతిగా రాసిన మొదటి అప్పీలు చేరగానే అంతవరకు దొరకని కాగితం దొరకడం కూడా అంతే తరచుగా జరుగుతుంది.

కాగితాలు చేతికి వచ్చాక అసలు పని మొదలవుతుంది. అంచనాలో రోడ్డు మందం ఎంత, ఎం-బుక్‌లో ఎంత రాశారు, మీ వీధిలో అంచు దగ్గర టేపు పెట్టి కొలిస్తే ఎంత ఉంది అన్న మూడు అంకెలను ఒకే వరుసలో రాయండి. తరువాత తేదీలు చూడండి: కొలతలు తీసుకోవడం, తనిఖీ చేయడం, బిల్లు పాస్ చేయడం అన్నీ ఒకే రోజున జరిగినట్టు ఉంటే, తనిఖీ కాగితం మీదే జరిగి ఉండవచ్చు. ఒకే రోడ్డును మూడు నాలుగు చిన్న పనులుగా విడగొట్టి, టెండరు అక్కరలేని పరిమితికి దిగువన ఉంచి, నామినేషన్ పద్ధతిలో, అంటే పోటీ లేకుండా నేరుగా, ఒకే మనిషికి ఇచ్చారేమో చూడండి. నాయకుడి సంతకం వీటిలో ఎక్కడా ఉండకపోవచ్చు. అధికారం ముదిరినవారు సంతకాలు ఇతరులతో పెట్టిస్తారు. కాబట్టి మీరు వెతకవలసింది ఆయన సంతకం కోసం కాదు, వేర్వేరు పనుల్లో పదేపదే కనిపించే కాంట్రాక్టరు పేర్ల కోసం.

ఒక విషయం దాచకూడదు. ప్రభుత్వంలో ఎవరున్నా సమాచారం ఇచ్చే దారులను ఇరుకు చేయాలనే కోరిక ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీవోలను వెబ్‌సైటులో పెట్టకుండా ఆపిన సందర్భాలు ఉన్నాయి. 2023 నాటి డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని వ్యక్తిగత సమాచార మినహాయింపును మరింత విశాలం చేసింది. అందువల్ల ‘వ్యక్తిగతం’ అన్న కారణంతో తిరస్కరిస్తే, ప్రజాప్రయోజనం ఎక్కువగా ఉన్నప్పుడు సమాచారం ఇవ్వవచ్చునన్న సెక్షన్ 8(2)ను అప్పీలులో ప్రస్తావించి, ఆ ప్రయోజనం ఏమిటో రెండు వాక్యాల్లో వివరించండి.

అయిదవ పని: కాగితాలను తెలిసినవారి ముందు చదవండి

సేకరించిన నకళ్లు మీ బీరువాలో ఉంటే వాటికి బలం లేదు. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానా గ్రామంలో కూలీలు, రైతుల సంస్థ అయిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కార్యకర్తలు అభివృద్ధి పనుల లెక్కలను ఊరి జనం ముందు గట్టిగా చదివి వినిపించారు. పనికి వెళ్లని తమ పేర్లు మస్టర్లలో (కూలీల హాజరు పట్టీల్లో) ఉన్నాయని అప్పటికప్పుడు చెప్పగలిగింది ఆ ఊరివారే. ఏ ఆడిటరూ అది కనిపెట్టలేడు. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు సాగిన ధర్నా, ఆ తరువాత సమాచార హక్కు చట్టం ఈ బహిరంగ విచారణల కొనసాగింపే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులపై 2006లో మొదలైన సామాజిక తనిఖీలు కూడా ఈ పద్ధతినే అనుసరించాయి.

మీకు ఇందుకు చట్టబద్ధమైన వేదిక గ్రామసభ. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరపమని చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఏటా గ్రామసభలు జరగడం తప్పనిసరి. సభకు ముందే మీ ప్రశ్నను రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకుని, జవాబును మినిట్స్ పుస్తకంలో రాయమని కోరండి. ఆరోపణ చేయవద్దు. మూడు అంకెలు చదివి, తేడాకు కారణం అడిగి కూర్చోండి. నోట మాటగా వచ్చిన హామీకి విలువ ఇవ్వకండి, తీర్మానంలో చేరేదాకా లేవకండి.

ఆరవ పని: లంచం, అక్రమాస్తుల దాకా వెళితే

ఇక్కడి నుంచి న్యాయ సలహా తీసుకోవడం మంచిది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించిన తరువాత లంచం ఇవ్వడం కూడా నేరమే అయింది. బలవంతం మీద ఇచ్చినవారు 7 రోజుల్లో ఫిర్యాదు చేస్తే వారికి రక్షణ ఉంటుంది. అడగగానే, ఇవ్వకముందే అవినీతి నిరోధక శాఖకు 1064 నంబరులో తెలియజేయడం ఇంకా మేలు. ప్రజాప్రతినిధి సభలో ఓటు వేయడానికో ప్రశ్న అడగడానికో డబ్బు తీసుకుంటే సభాహక్కుల చాటున దాక్కోలేడని 2024 మార్చి 4న సుప్రీంకోర్టులోని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చి చెప్పింది. పాలనలో జరిగిన అన్యాయాల మీద లోకాయుక్తకు వెళ్లవచ్చు. ఎక్కడికి వెళ్లినా అనుమానాన్ని అనుమానంగా, కాగితాన్ని కాగితంగా వేర్వేరుగా రాయండి.

ఏడవ పని: మీ భద్రతనూ మీ బృందాన్నీ కాపాడుకోండి

జాతీయ రహదారి పనుల్లో అక్రమాలను బయటపెట్టిన ఇంజినీరు సత్యేంద్ర దూబే 2003 నవంబరు 27న గయలో హత్యకు గురయ్యాడు. ఆయన తన పేరు గోప్యంగా ఉంచమని కోరినా అది బయటకు పొక్కింది. అందువల్ల ఒంటరిగా దరఖాస్తు చేయకండి; ఒకే విషయంపై నలుగురు వేర్వేరు ఊళ్ల నుంచి దరఖాస్తు పెడితే ఎవరిని బెదిరించాలో తెలియదు. వచ్చిన ప్రతి కాగితం నకలు ఇద్దరు ముగ్గురి దగ్గర ఉండాలి, ఉందన్న సంగతి నలుగురికీ తెలియాలి. బెదిరింపు వస్తే ఆ రోజే రాతపూర్వకంగా పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి.

రెండవ ప్రమాదం లోపలిది, దాన్ని ఎవరూ మాట్లాడరు. నాలుగు దస్త్రాలు బయటపెట్టిన మనిషికి కార్యాలయంలో కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు, కాంట్రాక్టరు ఇంటికి వచ్చి మాట్లాడుకుందాం అంటాడు. ప్రశ్నించే శక్తి కూడా అధికారమే. అది కూడా చెడగొడుతుంది. దరఖాస్తు పెట్టి, డబ్బు తీసుకుని వెనక్కి తీసుకునే వారి వల్ల ఈ చట్టానికే చెడ్డపేరు వస్తోంది. కాబట్టి పెట్టిన ప్రతి దరఖాస్తునూ, వచ్చిన ప్రతి జవాబునూ బృందమంతా చూసేలా ఉంచండి. అధికారిని కలవడానికి ఎప్పుడూ ఒక్కరే వెళ్లవద్దు. మాట్లాడే బాధ్యతను ఏడాదికొకరికి మార్చండి. చందా తీసుకుంటే లెక్క గోడ మీద అతికించండి. మీ సభ్యుడి బంధువు చేసిన పని నాసిరకమైతే దాన్నీ అదే గ్రామసభలో చదవండి. ఈ ఒక్కటి చేయలేని బృందాన్ని నాయకుడు సులభంగా కొనేయగలడు, ఎంత ఇవ్వాలో కూడా ఆయనకు తెలుసు.

ఎన్నికలు దగ్గరపడినప్పుడు

అయిదేళ్ల దస్త్రాన్ని రెండు పేజీలకు కుదించండి: ఇచ్చిన మాటలు, జరిగిన పనులు, జవాబు రాని ప్రశ్నలు. జరిగిన మంచి పనిని తప్పకుండా రాయండి, లేకపోతే మిగతాదాన్ని కూడా ఎవరూ నమ్మరు. దాన్ని ముందుగా ఆయనకే ఇచ్చి, చెప్పుకోవలసింది ఉంటే చెప్పుకోవడానికి వ్యవధి ఇచ్చి, ఆయన జవాబును కూడా చేర్చిన తరువాతనే పంచండి. కొత్త నామినేషన్ పడగానే కొత్త ప్రమాణపత్రాన్ని తీసి, ఇంతకుముందు రాసుకున్న సర్వే నంబర్ల జాబితాతో పోల్చండి. వేరొకరు గెలిస్తే, జవాబు రాకుండా మిగిలిన ప్రశ్నల పేజీని చేతిలో పట్టుకుని, ఆయన ఆ ఊరికి వచ్చే మొదటి సభకు వెళ్లండి. దండలు వేసేవారి వరుస ముగిసేదాకా ఆగి, ఆ పేజీ ఇచ్చి రసీదు అడగండి.